జ్ఞానాన్వేషణ - సుఖదుఃఖాలు: గోదావరి సీమ సంస్కరణ చరిత్ర ఆధారంగా ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం:
జ్ఞానం పెరిగేకొద్దీ మనిషి సంతోషం తగ్గుతుందా అన్న ప్రశ్నను గోదావరి సీమ సంస్కరణ చరిత్ర ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం. కందుకూరి వీరేశలింగం, రాజ్యలక్ష్మి దంపతులు, దువ్వూరి సుబ్బమ్మ, శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి జీవితాలు ఇందుకు ప్రధాన ఆధారాలు. తెలుసుకున్నదాన్ని సమాజం ఆమోదించని కాలంలో ఆచరించడం వల్ల దుఃఖం కలిగిందనీ, ఆ భారం అందరిపైనా సమానంగా పడలేదనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: జ్ఞానం, సుఖదుఃఖాలు, స్త్రీవిద్య, వితంతు వివాహం, బహిష్కారం, రాజమహేంద్రవరం, స్వీయచరిత్ర.

1. ఉపోద్ఘాతం:
ఈ ప్రశ్న చాలా పాతది. ఛాందోగ్యోపనిషత్తు ఏడో అధ్యాయంలో నారదుడు సనత్కుమారుని వద్దకు వెళ్లి, వేదాలు మొదలుకొని తాను నేర్చిన విద్యలన్నిటినీ ఏకరువు పెడతాడు. ఇన్ని నేర్చినా తన శోకం తీరలేదని విన్నవించుకుంటాడు. బైబిలు పాత నిబంధనలోని ప్రసంగి గ్రంథం తెలివి పెరిగితే దుఃఖమూ పెరుగుతుందని చెబుతుంది. పంతొమ్మిదో శతాబ్దంలో జాన్ స్టూవర్ట్ మిల్ తృప్తి వేరు, సుఖం వేరు అని విభజించి, వివేకి అసంతృప్తికే ఎక్కువ విలువ కట్టాడు. ఈ మూడు చోట్లా ప్రశ్న ఒంటరి మనిషి అంతరంగానికి సంబంధించినదే. గోదావరి సీమలో అది ఇల్లు, కులం, వీధి, బడి మధ్య జరిగిన వివాదంగా రూపుదాల్చింది.

2. చదువు పట్ల ఆదరణ - భయం:
1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టాలో వ్యవసాయంతోపాటు చదువు పట్ల ఆసక్తీ పెరిగింది. 1850వ దశకంలో నరసాపురం సబ్ కలెక్టరు జి. ఎన్. టేలరు చొరవతో వెలసిన గ్రామ పాఠశాలలకు రైతులే పన్ను చెల్లించడానికి ముందుకొచ్చారు. కొడుకుల చదువును మేలుగా భావించిన ఆ సమాజమే కూతుళ్ల చదువును కీడుగా చూసింది. అక్షరాలు నేర్చిన స్త్రీకి వైధవ్యం ప్రాప్తిస్తుందన్న నమ్మకం నాటి భారతీయ సమాజంలో చాలాచోట్ల ఉండేది. స్త్రీవిద్యకు ఎదురైన ఈ అభ్యంతరం స్వరూపం గమనించదగినది. స్త్రీకి చదివే శక్తి లేదన్న వాదన ఒకటి; చదివితే ఆమె సుఖం పోతుందన్నది దానికంటే బలంగా పనిచేసిన వాదన. కాపాడుతున్నామన్న పేరుతో నిరాకరించడం అందులోని విశేషం.

1848లో రాజమహేంద్రవరంలో జన్మించిన వీరేశలింగం ఈ వాదనను నేరుగా ఎదుర్కొన్నారు. 1874లో ‘వివేకవర్ధని’ పత్రికను ప్రారంభించారు. అదే సంవత్సరం ధవళేశ్వరంలో బాలికా పాఠశాలను నెలకొల్పారు. 1883లో స్త్రీల కోసం ‘సతీహితబోధిని’ పత్రికను వెలువరించారు. అజ్ఞానం సుఖాన్ని ఇవ్వదనీ, అది బాధను కనబడకుండా చేస్తుందనీ ఆయన కృషి అంతటిలో అంతర్లీనంగా వినిపిస్తుంది.

3. 1881 వివాహం - దుఃఖ భారం:
వితంతు వివాహాన్ని చట్టబద్ధం చేసే శాసనం 1856లోనే వచ్చింది. ఆ చట్టం గోదావరి తీరంలో ఆచరణలోకి రావడానికి పాతికేళ్లు పట్టింది. 1881 డిసెంబరు 11న వీరేశలింగం రాజమహేంద్రవరంలో గోగులపాటి శ్రీరాములు, గౌరమ్మల వివాహం జరిపించారు. శాస్త్రం అనుమతిస్తుందా లేదా అన్న చర్చ అంతవరకు గ్రంథాల మధ్య నడిచింది. పెళ్లి జరిగిన మరుక్షణం అది వంటింటి సమస్యగా మారింది. బహిష్కారాజ్ఞలు వెలువడ్డాయి. వివాహానికి వచ్చినవారిలో పలువురు ప్రాయశ్చిత్తం చేసుకుని కులంలో కలిసిపోయారు. వంటవారూ నీళ్లు తెచ్చేవారూ ఆ ఇంటికి రావడం మానుకున్నారు.

ఆ స్థితిలో గోదావరి నుంచి నీళ్లు మోసింది రాజ్యలక్ష్మి. వంట చేసింది, ఆశ్రయం కోరి వచ్చిన వితంతువులను కన్నబిడ్డల్లా చూసుకుంది, వారి పెళ్లిళ్లలో పెద్దరికం వహించింది కూడా ఆమే. చరిత్ర గ్రంథాలు ఈ ఉద్యమాన్ని ఉపన్యాసాలు, పత్రికలు, వ్యాసాల చరిత్రగా చెబుతాయి. జ్ఞానానికి చెల్లించిన మూల్యం అనేది బిందెలలో కొలవవలసి వస్తే మాత్రం దానిలో అధికభాగం ఆమెదే. శాస్త్రచర్చ చేసిన పురుషునికి వాదంలో గెలుపు ఉంది, శిష్యబృందం ఉంది, కీర్తి ఉంది. ఆ వాదాన్ని ఇంట్లో బ్రతికించిన స్త్రీకి ఈ ఊరటలు తక్కువ. జ్ఞానం సంతోషాన్ని తగ్గిస్తుందా అని అడిగేటప్పుడు ఎవరి జ్ఞానం, ఎవరి సంతోషం అని కూడా అడగవలసి ఉంటుంది.

అయినప్పటికీ ఆ దంపతులు వెనుదిరగలేదు. 1906లో హితకారిణీ సమాజాన్ని స్థాపించి వీరేశలింగం తన ఆస్తిని దానికి అప్పగించారు. 1910లో రాజ్యలక్ష్మి, 1919లో ఆయన కన్నుమూశారు. నిరంతర అనారోగ్యం, బంధుమిత్రుల దూరం ఆయన జీవితంలో కనిపిస్తాయి. వాటికి కారణం తెలుసుకోవడం కాదు, తెలిసినదానికి కట్టుబడటం.

4. అజ్ఞానం సుఖమా?:
సంస్కర్తల కష్టాలను చూసి అంతకుముందు సమాజం సుఖంగా ఉండేదని అనుకోవడానికి ఆధారం లేదు. తలనీలాలు కోల్పోయి, శుభకార్యాలకు దూరమై, పుట్టింటి వంటగదిలో జీవితం గడిపిన బాలవితంతువు దుఃఖం ఏ పత్రిక రాకముందునుంచో ఉంది. అది ‘కర్మ’ అన్న పేరుతో ఉండటం వల్ల ఫిర్యాదుగా నమోదు కాలేదు. చదువు ఆ దుఃఖానికి ‘అన్యాయం’ అన్న పేరు పెట్టింది. పేరు మారగానే బాధ మరింత పదునెక్కింది. అదే సమయంలో దానికి పరిష్కారం ఉండవచ్చునన్న ఆశ కూడా పుట్టింది.

ద్రాక్షారామానికి చెందిన దువ్వూరి సుబ్బమ్మ జీవితం ఇందుకు నిదర్శనం. బాల్యంలోనే వితంతువైన ఆమె సంస్కృతాంధ్రాలు అభ్యసించి, జాతీయోద్యమంలో వక్తగా పేరుపొంది, సహాయ నిరాకరణ కాలంలో జైలు శిక్ష అనుభవించింది. ‘దేశబాంధవి’ అన్న బిరుదు పొందింది. చదువు ఆమెకు సుఖజీవనం ఇవ్వలేదు, జైలుకే దారి చూపింది. అయితే వైధవ్యం ఆమెకు విధించిన నిశ్శబ్దంతో పోలిస్తే ఆ జైలు ఆమె స్వయంగా ఎంచుకున్నది. సుఖదుఃఖాల లెక్కలో ఈ ఎంపికకూ స్థానం ఉండాలి.

5. పండిత కుటుంబంలో సంఘర్షణ:
జ్ఞానాన్ని గౌరవించే ఇళ్లలో కూడా ఈ సంఘర్షణ తప్పలేదు. 1891లో పొలమూరులో వైదిక కుటుంబంలో జన్మించిన శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి తెలుగు రచనను జీవిత మార్గంగా ఎంచుకున్నారు. వేదశాస్త్రాల ముందు తెలుగు చిన్నచూపుకు గురైన ఇంటి వాతావరణం ‘అనుభవాలూ-జ్ఞాపకాలూనూ’లో విస్తారంగా కనిపిస్తుంది. ఇక్కడ ఘర్షణ విద్యకూ అవిద్యకూ మధ్య లేదు. ఏది విద్య అనే నిర్ణయం ఎవరిది అన్న విషయం మీద ఉంది. ఆర్థికంగా ఆ ఎంపిక ఆయనకు కలిసిరాలేదు. అయినా అదే స్వీయచరిత్ర భోజనాలు, ప్రయాణాలు, మాటల రుచితో నిండి ఉంటుంది. తన దారిని తానే వెదుక్కున్న మనిషి ఆనందం అది.

6. ముగింపు:
పై పరిశీలన వల్ల మూడు అంశాలు తేలుతున్నాయి. ఒకటి, గోదావరి సీమ చరిత్రలో జ్ఞానం కొత్తగా దుఃఖాన్ని సృష్టించిన దానికంటే, ఉన్న దుఃఖాన్ని గుర్తించేలా చేసిన సందర్భాలే ఎక్కువ. రెండు, తెలిసినవారు కొద్దిమందే అయినప్పుడు దుఃఖం వారిపైనా, అంతకంటే ఎక్కువగా వారి ఇంటి స్త్రీలపైనా పడింది. 1881లో ఆ పెళ్లికి వచ్చినవారంతా ప్రాయశ్చిత్తం చేసుకోకుండా నిలబడి ఉంటే రాజ్యలక్ష్మికి నీళ్లు మోసే అవసరం కలిగేది కాదు. మూడు, చదివితే సుఖం పోతుందన్న మాట సాధారణంగా చదువు నిరాకరించేవారి నోట వచ్చింది తప్ప, చదువుకున్నవారి అనుభవం నుంచి వచ్చింది కాదు. నారదుని శోకం గురువు వద్ద తీరింది. సంస్కర్తల ఇంటి శోకం మాత్రం పొరుగువారు కూడా తెలుసుకున్నప్పుడే తీరేది.