వేదనాయగం శామ్యూల్ అజరయ్య

వేదనాయగం శామ్యూల్ అజరయ్య (1874 ఆగష్టు 17 - 1945 జనవరి 1) ఆంగ్లికన్ సంఘంలో బిషప్ పదవిని పొందిన తొలి భారతీయుడు. 1912 నుండి మరణించేవరకు, నాటి నిజాం రాజ్యంలోని దోర్నకల్ (నేటి తెలంగాణలోని మహబూబాబాదు జిల్లా) కేంద్రంగా ఏర్పడిన డయాసిస్‌కు అధిపతిగా ఉన్నాడు. నాయకత్వమంటే సేవ అనే క్రైస్తవ బోధను పరిపాలనలో ఆచరించినవారిలో ఈయన ప్రముఖుడు.

తొలి జీవితం

అజరయ్య తమిళనాడులోని తిరునల్వేలి ప్రాంతంలో జన్మించాడు. తండ్రి గ్రామ పాస్టరు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివి, 1895లో వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా చేరాడు. విదేశీ ధనంపై ఆధారపడకుండా భారతీయులే నడిపే మిషనరీ సంఘాలను 1903లో తిరునల్వేలిలోను, 1905లో జాతీయ స్థాయిలోను స్థాపించినవారిలో ఈయన ముఖ్యుడు. తిరునల్వేలి సంఘం దోర్నకల్‌ను తన సేవాక్షేత్రంగా ఎంచుకొన్నది. 1909లో గురుపట్టం పొందిన అజరయ్య తానే అక్కడికి వచ్చి, తెలుగు నేర్చుకొని పనిచేశాడు.

ఎడింబరో ప్రసంగం

1910లో ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో అజరయ్య చేసిన ప్రసంగం సంచలనం కలిగించింది. మిషనరీల త్యాగాన్ని కొనియాడుతూనే, వారు భారతీయ సహచరులను సమానులుగా చూడటం లేదని విమర్శించాడు. తమకు కావలసినది ఉపకారం మాత్రమే కాదని, స్నేహమని కోరాడు.

బిషప్‌గా

1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో బిషప్‌గా అభిషిక్తుడయ్యాడు. ఈ నియామకానికి కొంత వ్యతిరేకత వచ్చింది. మొదట చిన్నదైన డయాసిస్‌లో తరువాత కృష్ణా జిల్లా ప్రాంతం కూడా చేరింది. వలస పాలన సాగుతున్న ఆ రోజులలో ఆంగ్లేయ మిషనరీలు ఒక భారతీయుని అధికారం క్రింద పనిచేయటం అరుదైన విషయం. ఈయన జీవించి ఉండగా మరే భారతీయుడు ఆంగ్లికన్ డయాసిస్‌కు అధిపతి కాలేదు.

నాయకత్వ విధానం

ముఖ్యుడు కాగోరువాడు అందరికీ సేవకుడు కావాలని మార్కు సువార్త 10వ అధ్యాయం, ధనికులు, పేదల మధ్య పక్షపాతం చూపరాదని యాకోబు పత్రిక 2వ అధ్యాయం బోధిస్తాయి. దోర్నకల్‌లో ఈ బోధకు గట్టి పరీక్ష కులభేదం. సంఘ సభ్యులలో అత్యధికులు మాల, మాదిగ కులాలవారు. వారి మధ్య కూడా అంతరాలు ఉండేవి. అందరూ ఒకే సంఘంగా ఆరాధించి, ఒకే ప్రభు భోజనంలో పాల్గొనాలని అజరయ్య పట్టుబట్టాడు. అయినప్పటికీ గ్రామాలలో ఆ భేదాలు పూర్తిగా తొలగిపోలేదు.

గ్రామస్థులనే ఉపదేశకులుగా, పాస్టర్లుగా తీర్చిదిద్దటం ఈయన విధానంలో ప్రధానాంశం. వారి భార్యలకు కూడా శిక్షణ ఇచ్చేవారు. పేదలు సైతం దానం చేయగలరన్న నమ్మకంతో పంట కానుకలను, పిడికెడు బియ్యం కానుకను ప్రోత్సహించాడు. 1940ల నాటికి డయాసిస్‌లో క్రైస్తవుల సంఖ్య 2 లక్షలు దాటింది. 1939లో ప్రతిష్ఠించిన దోర్నకల్ కెథడ్రల్‌లో హిందూ, ముస్లిం వాస్తురీతులు కలిసి కనిపిస్తాయి.

వివాదాలు

క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు ఉండరాదని అజరయ్య అభిప్రాయం. అవి సంఘాన్ని తన ప్రయోజనం మాత్రమే చూసుకొనే రాజకీయ వర్గంగా మార్చగలవని భావించాడు. 1930లలో దళితుల మతమార్పిడి విషయంలో గాంధీజీతో విభేదించాడు. మతాన్ని ఎంచుకొనే స్వేచ్ఛ అణగారినవారికి కూడా ఉన్నదని ఈయన వాదన.

సంఘ ఐక్యత

క్రైస్తవ శాఖల ఐక్యత కొరకు 1919లో తరంగంబాడిలో జరిగిన సమావేశంలో అజరయ్య ప్రముఖ పాత్ర వహించాడు. ఆ కృషి ఫలితమైన దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) ఈయన మరణానంతరం, 1947 సెప్టెంబరు 27న ఏర్పడింది. దోర్నకల్ నేడు ఆ సంఘంలోని ఒక డయాసిస్.