ఫ్రెంచి క్యారేజ్ గడియారం

క్యారేజ్ గడియారం ప్రయాణాల్లో వెంట తీసుకువెళ్లేందుకు ఫ్రాన్స్‌లో రూపొందిన, పైన పిడి గల చిన్న స్ప్రింగు గడియారం. పారిస్‌లో స్థిరపడిన స్విస్ గడియారాల నిపుణుడు అబ్రహాం-లూయీ బ్రెగే దీనికి ఆద్యుడు. 1798లో నెపోలియన్ ఆయన వద్ద ఒకటి కొన్నాడు. 1830ల్లో గడియారాల తయారీదారు పాల్ గార్నియే దీని నిర్మాణాన్ని సరళం చేయడంతో ఉత్పత్తి పెరిగింది.

లోలకం కుదుపులకు తట్టుకోదు కనుక దీనిలో బ్యాలెన్స్ చక్రం అమర్చారు. అది అటూ ఇటూ తిరగడం పైకప్పు అద్దంలోంచి కనిపిస్తుంది. బంగారు పూత పూసిన ఇత్తడి చట్రం, అంచులు ఏటవాలుగా సానపట్టిన అద్దాలు, తెల్లని ఎనామిల్ ముఖం సాధారణ లక్షణాలు. ఒకసారి కీ ఇస్తే సాధారణంగా 8 రోజులు నడుస్తుంది. కొన్నిటిలో పైనున్న మీట నొక్కితే గడిచిన గంటను మళ్లీ కొడుతుంది. ప్రతి పావుగంటకూ పావులతోపాటు గంటను కూడా కొట్టే గ్రాండ్ సొన్నరీ రకం అరుదు. అసలు తోలుపెట్టె, మార్చని యంత్రభాగాలు ఉన్నవాటికి వేలంలో ఎక్కువ ధర పలుకుతుంది.