గుర్రం చదువు, గేదె చదువు

1761లో ఫ్రాన్సు రాజు పదిహేనో లూయీ కొలువు లియాన్ నగరంలో పశువైద్య పాఠశాలకు అనుమతి ఇచ్చింది. మరుసటి ఏడాది తెరుచుకున్న ఆ బడి ప్రపంచంలో మొదటిది. కొట్టాలకు కొట్టాలు ఖాళీ చేస్తున్న ముసర రోగాన్ని ఆపడం దాని పని. నడపడానికి వచ్చిన క్లాడ్ బూర్జెలా మాత్రం స్వారీ నేర్పే గుర్రాల మనిషి. ఆవుల కోసం పెట్టిన బడి అశ్వపండితుడి చేతికి వెళ్లింది. ఆ తర్వాత వందేళ్లకు పైగా పశువైద్య విద్య గుర్రం వెనకే నడిచింది.

1791లో మొదలైన లండన్ కళాశాలదీ అదే తీరు. అక్కడ రెండో అధిపతి ఎడ్వర్డ్ కోల్‌మన్ హయాంలో కొన్ని నెలలు చదివితే పట్టా చేతికొచ్చేది, అదీ ముఖ్యంగా గుర్రాల మీదే. ఎందుకని అడగనక్కర్లేదు. సైన్యానికి గుర్రం కావాలి, ఫీజు ఇచ్చుకోగలిగింది గుర్రాలున్న దొరలే.

ఈ విషయంలో మనం దొరలను తప్పుపట్టడానికి లేదు. శాలిహోత్రుడి పేరిట అశ్వశాస్త్రం, పాలకాప్యుడి పేరిట గజశాస్త్రం మనకు ఏనాటి నుంచో ఉన్నాయి. తెలుగులో మనుమంచిభట్టు హయలక్షణ విలాసం రాశాడు. అవన్నీ రాజుల లాయాలకు పనికొచ్చే విద్యలు. రైతు ఎద్దుకు జబ్బు చేస్తే వాతలు పెట్టి, పసరు పోసే ఊరి మనిషే దిక్కు. అతను తండ్రి వెనక తిరిగి పని నేర్చుకున్నవాడు.

ఈస్టిండియా కంపెనీ కూడా మొదట గుర్రం కోసమే వైద్యుణ్ని పిలిపించుకుంది. లియాన్‌లో చదివొచ్చిన విలియం మూర్‌క్రాఫ్ట్ 1808లో బీహార్‌లోని పూసా అశ్వక్షేత్రానికి అధికారిగా వచ్చాడు. ఎద్దు వంతు రావడానికి పశువులు గుట్టలుగా చావాల్సి వచ్చింది. ఆ మహమ్మారి మీద వేసిన కమిషన్ 1871లో నివేదిక ఇచ్చాక లాహోర్ (1882), బొంబాయి (1886), కలకత్తా (1893) బళ్లు వరసగా వచ్చాయి.

మద్రాసు వేపేరిలో 1903లో కళాశాల తెరిచారు. కోస్తా, రాయలసీమ కుర్రాళ్లకు ఈ చదువంటే చాలాకాలం మద్రాసు రైలెక్కడమే. మూడేళ్లు చదివితే జీఎంవీసీ. చేతికొచ్చేది డిప్లొమానే అయినా ఆ పొడి అక్షరాల్లో మొదటిది ‘గ్రాడ్యుయేట్’! పేరు పక్కన దర్జాగా రాసుకునేవారు. అసలైన డిగ్రీకి 1935 దాకా ఆగాల్సి వచ్చింది. ఆ ఏడాది కళాశాల మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధమై, దేశంలో తొలిసారి బీవీఎస్సీ మొదలుపెట్టింది. హైదరాబాద్‌లో 1946లో కళాశాల వచ్చింది. ఆంధ్ర ప్రాంతంలో 1955లో బాపట్లలో మొదలైన కళాశాల కొద్దికాలానికే తిరుపతి చేరింది.

ఊరూరా పశువుల ఆస్పత్రులు వెలిసినా గుర్రం వెంటనే పక్కకు తప్పుకోలేదు. మన కళాశాలల్లోనూ చదివిన సిస్సన్ శరీరనిర్మాణ గ్రంథంలో ప్రతి ఎముకా ముందు గుర్రానిదే. ఎద్దుది ఎక్కడ తేడానో అక్కడే చెబుతాడు. గేదె మీద బతికే రైతు దగ్గరికి వెళ్లబోయే కుర్రాడు గుర్రపు డొక్కలు లెక్కపెడుతూ కూర్చోవడం నాకు వింతగానే తోస్తుంది. 1984 చట్టంతో ఏర్పడిన భారత పశువైద్య మండలి దేశమంతటికీ ఒకే పాఠ్యప్రణాళిక తెచ్చాక ఎద్దే నమూనా అయింది, గుర్రాన్ని దానితో పోల్చి చెబుతున్నారు.

2016 నిబంధనల ప్రకారం చదువు నాలుగున్నరేళ్లు, ఆపైన ఏడాది ఇంటర్న్‌షిప్. పాలు, మాంసం పరిశుభ్రత, కోళ్లు, అడవి జంతువులు, కుక్కలు అన్నీ పాఠాల్లోకి వచ్చాయి. ఇప్పుడు నగరాల్లో డబ్బు పెంపుడు కుక్కల దగ్గరుంది, కుర్రాళ్ల చూపూ అటే. వాళ్లను తప్పుపట్టలేం. కానీ చూడి పరీక్షకు భుజం దాకా చెయ్యి లోపలికి పెట్టి గర్భసంచిని గుర్తుపట్టడం పుస్తకంతో అబ్బదు, పదుల కొద్దీ గేదెలు కావాలి. ఇంటర్న్‌షిప్ ఏడాదిలో సగమైనా పల్లె ఆస్పత్రిలో గడవాలంటాను. అక్కడ విద్యార్థికి వసతి గది చూపించడం దగ్గరే చాలాచోట్ల పేచీ వస్తుంది.