అత్తగారి దేశం

నిజాం కాలపు ముల్కీ నిబంధనల్లో ఒక చిన్న వాక్యం ఉంది. 1919 నాటి ఫర్మానాతో మొదలైన ఈ నిబంధనలు తర్వాత హైదరాబాదు సివిల్ సర్వీసు రెగ్యులేషన్లలో చేరాయి. ముల్కీ అంటే ఎవరు? హైదరాబాదు రాజ్యంలో పుట్టిన ప్రజ. లేదా పదిహేనేళ్లు ఇక్కడే స్థిరంగా ఉండి, వచ్చిన చోటికి తిరిగి వెళ్లే ఆలోచన మానుకున్నానని ప్రమాణం చేసినవాడు. లేదా తాను పుట్టేనాటికి తండ్రి పదిహేనేళ్ల ప్రభుత్వ నౌకరీ పూర్తిచేసి ఉన్నవాడు. చివరగా, ముల్కీకి భార్య అయిన స్త్రీ.

ముల్కీ గొడవ మీద తెలుగులో ఎంత రాశారో లెక్కలేదు. 1952 ఉద్యమం, 1969 ఉద్యమం, 1972లో సుప్రీంకోర్టు తీర్పు, దాని వెంట వచ్చిన జై ఆంధ్ర. నేను చదివినంతలో ఈ చివరి వాక్యం దగ్గర ఎవరూ ఆగలేదు. నేను ఆగాను, ఎందుకంటే అది నా గురించిన వాక్యం.

ముల్క్ అంటే దేశం. మగవాడికి ఆ దేశం దొరకాలంటే పదిహేనేళ్లు పడుతుంది, ప్రమాణ పత్రం కావాలి. ఆడదానికి పెళ్లి చాలు. పైకి ఇది ఔదార్యంలా కనబడుతుంది. కానీ ముల్కీ స్త్రీని చేసుకున్న పురుషుడు ముల్కీ అవుతాడనే మాట ఆ నిర్వచనంలో లేదు. అంటే స్త్రీ భర్త ద్వారా ఒక దేశంలోకి రావచ్చు గానీ, తన దేశంలోకి భర్తను తెచ్చుకోలేదు. పితృస్వామ్యం గురించి ఎన్నో పుస్తకాలు చెప్పేది ఆ ఒక్క వాక్యం చెప్పేస్తుంది.

మాది తెనాలి దగ్గర పల్లె. 1986లో పెళ్లయ్యాక నా సహచరుడి ఊరికి మొదటిసారి వచ్చాను. పటాన్‌చెరు దాటి, నక్కవాగు దిక్కుగా లోపలికి వెళ్తే వస్తుంది ఆ ఊరు. దారిలో రామచంద్రాపురం దగ్గర బీహెచ్ఈఎల్ గోడ, తర్వాత ఇక్రిశాట్ కంచె, ఆ తర్వాత పొగగొట్టాలు. కృష్ణా కాలవ నీళ్ల మధ్య పుట్టినదాన్ని. నల్లరేగడి, జొన్నచేలు, బండరాళ్లు చూసి ఇది వేరే దేశమే అనుకున్నాను. మా అత్తమ్మ కూడా అదే అడిగింది, "ఏ దేశమే బిడ్డా మీది?" అని. నవ్వులాటకు కాదు, నిజంగానే అడిగింది. ఆమె భాషలో దేశమంటే అలవాట్లు తెలియని చోటు.

ఆమె చెప్పిన సంగతి తర్వాతెప్పటికో అర్థమైంది. ఆమెది బీదరు పక్క పల్లె. 1952లో పెళ్లయి, జహీరాబాదు, సదాశివపేట మీదుగా ఎడ్లబండిలో వచ్చింది. ఆమెకు పెట్టినవి సిక్కా రూపాయలు. పుట్టింట్లో కన్నడం కలిసిన తెలుగు. అయినా అప్పుడు ఆమె పరాయి దేశానికి రాలేదు. బీదరూ మెదకూ ఒకే ముల్కు. 1956 నవంబరు 1న గీతలు మారాయి. బీదరు జిల్లాలోంచి జహీరాబాదు వంటివి మెదకులో కలిశాయి. బీదరు మైసూరు రాష్ట్రానికి పోయింది. కొత్తకోడలుగా నాలుగేళ్లు గడిపేసరికి ఆమె పుట్టిల్లు పరాయి రాష్ట్రమైంది. ఆమె ఊళ్లోంచి కదలనైనా లేదు. "నేను ఏడికి పోలే బిడ్డా, రాజ్యాలే అటిటు పోయినయి" అనేది.

అదే రోజున, నేను పుట్టకముందే, నా తెనాలి ఆమె రాష్ట్రంలోకి వచ్చి చేరింది. ఆమె పుట్టిల్లు బయటికి పోయిన గేటులోంచే నా పుట్టిల్లు లోపలికి వచ్చిందన్నమాట. 2014 జూన్ 2న అది మళ్లీ బయటికి పోయింది. అప్పటికి అత్తమ్మ లేదు. ఉంటే నా వంక చూసి ఏమనేదో ఊహించుకోగలను.

ఈ నేలకు ఈ కథ కొత్త కాదు. పటాన్‌చెరును పూర్వపు పొట్టలకెరెగా చరిత్రకారులు గుర్తించారు. పదకొండో శతాబ్దంలో కళ్యాణి చాళుక్య రాజు జయసింహుడు ఇక్కడి నుంచి పాలించాడు. ఇక్కడ జైన శిల్పాలూ దొరికాయి. ఆయన రాణి సుగ్గలదేవి శివభక్తురాలని, దేవర దాసిమయ్య శిష్యురాలని, భర్త మాత్రం జైనుడని శైవ సంప్రదాయ కథలు చెబుతాయి. ఆ కథల్లో గెలిచేది గురువు, మారేది రాజు. మధ్యలో ఉన్న స్త్రీ, తన దేవుణ్ని వెంటబెట్టుకుని పరమతం ఇంట అన్నేళ్లు ఎలా ఉందన్నది ఎవరికీ పట్టదు. నాకు మాత్రం అదే పడుతుంది. అత్తింట్లో ముందు చెయ్యి పెట్టనిది పొయ్యి దగ్గర, తర్వాత దేవుడి దగ్గర. ఇది రాణికైనా తప్పి ఉండదు.

నేను బీఎడ్ చేసి వచ్చాను. ఇక్కడ బడిలో చేరదామనుకున్నాను. అప్పటికి ముల్కీ నిబంధనలు పోయాయి. ఆరు సూత్రాల పథకం, 1973లో 32వ రాజ్యాంగ సవరణ, 1975లో రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చాయి. ఆ ఉత్తర్వు ప్రకారం స్థానికత చదువును బట్టి వచ్చేది. అర్హత పరీక్షకు ముందు వరసగా నాలుగేళ్లు ఎక్కడ చదివితే అక్కడి స్థానికులమయ్యేవాళ్లం. నాకు గుంటూరున్న మూడో జోను, మెదకున్న ఆరో జోనులో నేను స్థానికేతరురాలిని. భర్తతో బాటు దేశం ఇచ్చే వాక్యాన్ని కొత్త చట్టం ఎత్తేసింది. సూత్రం ప్రకారం అది న్యాయమే, స్త్రీని భర్త నుంచి విడదీసి ఆమె చదువును ఆమెకు లెక్కగట్టింది. కానీ పెళ్లయ్యాక ఊరు మారాల్సింది ఎవరు? ఆ సంగతి మాత్రం ఏ చట్టమూ మార్చలేదు. చదివిన చోట స్థానికత, బతికే చోట కాపురం. నాకు తెలిసిన ఎందరో ఆడపిల్లలు ఈ రెండింటి నడుమ ప్రైవేటు బళ్లలో తక్కువ జీతాలకు కుదురుకున్నారు. నేనూ అంతే.

భూమి సంగతికి వస్తే ఇంకో లెక్క. 1960ల్లో బీహెచ్ఈఎల్, 1972లో ఇక్రిశాట్ వచ్చాయి. ఇక్రిశాట్ కోసం మన్మూల్, కాచిరెడ్డిపల్లి అనే రెండు ఊళ్లు లేచిపోయాయి. ఆ నేలలో జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ మీద ప్రపంచ పరిశోధన జరిగింది. కంచెకు ఇవతల అవే పంటలు వేసే పొలాలు ఫ్యాక్టరీలకు అమ్ముడుపోతూ వచ్చాయి. 1980లో ఇందిరాగాంధీ మెదకు నుంచి లోక్‌సభకు గెలిచాక ఈ పట్టీ వేగం ఇంకా పెరిగింది. పాశమైలారం, బొల్లారం, ఖాజీపల్లి, గడ్డపోతారం పేర్లు పంటల పేర్లతో కాక మందుల పేర్లతో వినబడసాగాయి.

మా ఇంటి పొలమూ కొంత పోయింది. సంతకాలు మగవాళ్లవి. అత్తమ్మ ముప్పై ఏళ్లు కలుపు తీసిన చేను ఆమె వేలిముద్ర కూడా లేకుండా వెళ్లిపోయింది. మా ఆడబిడ్డ సంగతి ఇంకా విచిత్రం. ఆంధ్రప్రదేశ్‌లో ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు సమాన వాటా ఇచ్చిన 1986 సవరణ, 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకు ముందే పెళ్లయినవాళ్లకు వర్తించదు. ఆమె పెళ్లి 1984లో. పెళ్లయింది కాబట్టి అది ఆమె ఇల్లు కాదని ఆ చట్టమూ ఒప్పుకుంది. 2005 కేంద్ర సవరణతో ఆ షరతు పోయేనాటికి, అడగడానికి చేను ఎక్కడ?

ఇక నీళ్లు. నేను వచ్చిన కొత్తలో బావి నీళ్లు తాగేవాళ్లం. కొన్నేళ్లకు అవి రంగు తిరిగాయి. వాగు నీళ్లు తాగిన గొడ్లు జబ్బుపడ్డాయి. వాగు పోయి మంజీరలో కలుస్తుంది. అదే మంజీర నీళ్లను సంగారెడ్డి దగ్గర ఆనకట్ట నుంచి 1965 నుంచీ హైదరాబాదుకు పంపుతున్నారు. మేము బిందెలు పట్టుకుని ట్యాంకరు కోసం నిలబడే చోటికి దగ్గర్లోనే ఆ పెద్ద పైపులు. 1990లో సుప్రీంకోర్టులో రిట్ పడింది. 1994లో పటాన్‌చెరులో ఉమ్మడి శుద్ధి కేంద్రం పెట్టారు. 2001లో కేసు హైకోర్టుకు వచ్చింది. పటాన్‌చెరు డాక్టరు కిషన్‌రావు గారు దశాబ్దాలపాటు దీని వెంటబడ్డారు. 2007లో స్వీడన్ గోథెన్‌బర్గ్ శాస్త్రవేత్తలు ఆ కేంద్రం నుంచి శుద్ధి అయి బయటికొచ్చే నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని ప్రకటించారు. మందు మింగిన మనిషి రక్తంలో ఉండేదానికంటే అది ఎక్కువ. ఆ వార్తతో పటాన్‌చెరు పేరు లోకమంతా తెలిసింది.

వీటిలో ఎక్కడా కనబడని మనిషి బిందె మోసిన మనిషి. పంటనష్టానికి పరిహారం ఎకరాల లెక్కన, పట్టాదారుకు. కిలోమీటరు అదనంగా నడిచిన కాళ్లకు లెక్క లేదు. బతుకమ్మనాడు మా ఊరి కుంటలో పూలు వదలలేక ఒక ఏడాది ఆడవాళ్లం ప్లాస్టిక్ టబ్బులో వదిలాం. చిన్నపిల్లలు చప్పట్లు కొట్టారు. అత్తమ్మ పాట మధ్యలోనే లేచి వెళ్లిపోయింది. తన దేశం తన కళ్ల ముందే పరాయిదవడమంటే ఏమిటో, గీతలు మారిన 1956 కంటే ఆ సాయంత్రమే ఆమెకు ఎక్కువ తెలిసి ఉంటుంది.

ఇప్పుడు మా వీధిలో అద్దెకుండేవాళ్లు ఒడిశా, బీహార్, ఉత్తరప్రదేశ్ వాళ్లు. మగవాళ్లు ముందొస్తారు, గది దొరికాక భార్యలు వస్తారు. నా పక్క గదిలోని ఒడియా పిల్ల తొలి నెలంతా కిటికీ మూసే ఉంచింది. ఈ గాలి ఆమెకు పడలేదు. నా జొన్నరొట్టె ఆమె తినదు, ఆమె పఖాళ నేను తింటాను. మా చద్దన్నమే అది.

2025 జూన్ 30న పాశమైలారంలోని సిగాచి ఫ్యాక్టరీలో పేలుడు జరిగింది. యాభై మందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది బయటి రాష్ట్రాల కూలీలే. గుర్తుపట్టలేని శరీరాలకు డీఎన్ఏ పరీక్షలు చేశారు. దూరపు రాష్ట్రాల నుంచి బంధువులు వచ్చారు. టీవీలో అది చూస్తూ ఒడియా పిల్ల, రక్తం ఎవరిది తీసుకుంటారని అడిగింది. తల్లిదండ్రులది, పిల్లలది, తోబుట్టువులది అన్నాను.

"భార్యది?"

భార్య రక్తంతో భర్తను గుర్తుపట్టలేరని చెప్పాను. ఆమెకు అప్పటికి పిల్లల్లేరు. అత్తమామలు గంజాం జిల్లాలో. ఆ రాత్రి భర్త షిఫ్టుకు వెళ్లేముందు, అతని చొక్కా జేబులో ఒక కాగితం మడిచి పెట్టింది. దాని మీద ఒడియాలో తన పేరు, ఫోను నంబరు, మా ఇంటి నంబరు. కాగితం కాలిపోతుందేమోనని మర్నాడు ఇంకొకటి రాసి నాకిచ్చి దాచమంది.