దివ్యాంగ కుటుంబ సభ్యుల భవిష్యత్ ప్రణాళిక

మేధో వైకల్యం, ఆటిజం వంటివి ఉన్న వ్యక్తికి తల్లిదండ్రుల తదనంతరం తోడు, ఆదాయం, గూడు కరువు కాకుండా ముందే చేసిపెట్టే ఏర్పాట్లను భవిష్యత్ ప్రణాళిక అంటారు. ‘మా తర్వాత వీడి గతేమిటి?’ అన్న దిగులుకు ఆస్తి కూడబెట్టడం ఒక్కటే జవాబు కాదు. ఆ ఆస్తిని ఎవరు చూడాలి, ఎలా ఖర్చు పెట్టాలి అన్నది తేల్చడమే అసలు పని.

చట్టబద్ధ సంరక్షణ

18 ఏళ్లు నిండాక తల్లిదండ్రులకు సహజ సంరక్షకుల హోదా పోతుంది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యం ఉన్నవారికి 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం ప్రకారం స్థానిక కమిటీ సంరక్షకుణ్ని నియమిస్తుంది. జిల్లా కలెక్టర్ హోదాకు తగ్గని అధికారి, రిజిస్టరైన సంస్థ ప్రతినిధి, ఒక దివ్యాంగ వ్యక్తి అందులో ఉంటారు. నియమితుడైన 6 నెలల్లో సంరక్షకుడు ఆస్తి, అప్పుల జాబితా ఇవ్వాలి. ఏటా లెక్కలు చూపాలి. నిర్లక్ష్యం చేసినా, ఆస్తి కాజేసినా తొలగించవచ్చు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం తెచ్చిన పరిమిత సంరక్షణలో, సంరక్షకుడు ఆ వ్యక్తి ఇష్టాన్ని తెలుసుకుని ఇద్దరూ కలిసి నిర్ణయం తీసుకోవాలి.

ఆస్తి

వీలునామాకు ఇద్దరు సాక్షుల సంతకాలు తప్పనిసరి. అయితే అది రాసినవారు పోయాకే అమల్లోకి వస్తుంది. 1882 నాటి ట్రస్టుల చట్టం కింద ప్రైవేటు ట్రస్టు పెడితే తల్లిదండ్రులు బతికుండగానే దాని పనితీరు చూసుకోవచ్చు. డబ్బు కాపాడే ట్రస్టీ, మంచిచెడ్డలు చూసే సంరక్షకుడు వేర్వేరు మనుషులైతే ఒకరిపై ఒకరి కన్ను ఉంటుంది.

ఆదాయం

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల సంతానం వైకల్యం వల్ల సంపాదించుకోలేని స్థితిలో ఉంటే, నిబంధనలకు లోబడి జీవితాంతం కుటుంబ పింఛను వస్తుంది. దివ్యాంగుల నెలవారీ పింఛనును తెలంగాణ 2023లో రూ.4,016కు, ఆంధ్రప్రదేశ్ 2024లో సాధారణ కేటగిరీలో రూ.6,000కు పెంచాయి. నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ బీమా రూ.లక్ష వరకు వైద్య ఖర్చులు భరిస్తుంది. వీటికి దరఖాస్తు చేసేటప్పుడు వైకల్య ధ్రువపత్రం కావాలి. తెలుగు రాష్ట్రాల్లో దీన్ని ‘సదరం సర్టిఫికెట్’ అంటారు.

దినచర్య

కాగితాలకు ఎక్కని విషయాలు తల్లికే తెలిసి ఉంటాయి: ఫిట్స్ మాత్ర ఏ వేళకు వెయ్యాలి, కుక్కర్ విజిల్ వింటే ఎందుకు చెవులు మూసుకుంటాడు, పెరుగన్నం తప్ప రాత్రి ఏదీ ముట్టడని. వీటన్నిటినీ ఒక నోటుపుస్తకంలో రాసిపెట్టాలి. పిన్ని ఇంట్లోనో, వసతి గృహంలోనో అప్పుడప్పుడు కొన్ని రోజులు ఉంచితే కొత్తచోటు అలవాటవుతుంది. సొంత పనులు చేసుకోవడం నేర్పే శిక్షణపై సికింద్రాబాద్‌లో 1984లో నెలకొల్పిన మేధో వైకల్య జాతీయ సంస్థ, నేటి ఎన్‌ఐఈపీఐడీ, కుటుంబాలకు సలహాలిస్తుంది.

సమీక్ష

అన్నో అక్కో చూసుకుంటారులే అని అనుకుని ఊరుకోకూడదు. వారిని కూర్చోబెట్టి అడగాలి. వారు విదేశాల్లో ఉంటే దగ్గరలో ఉన్న మరొకరిని కూడా ఒప్పించాలి. పెళ్లి, బదిలీ, అనారోగ్యం వంటి మార్పు వచ్చినప్పుడల్లా ప్రణాళికను తిరగరాయాలి. ఎక్కడ, ఎవరితో ఉంటావని ఆ వ్యక్తినే అడిగి, మాటతోనో సైగతోనో ఇచ్చిన జవాబుకు అందులో మొదటి స్థానమివ్వాలి.