హోంవర్కు పేరుతో హత్య కేసు

లిటిల్ కిల్టన్. ఇంగ్లండులో బకింగ్‌హమ్‌షైర్‌లో ఉంది. మ్యాపులో వెతక్కండి, దొరకదు. రచయిత్రి హాలీ జాక్సన్ తన నవల కోసం కల్పించిన ఊరది. మీరిప్పుడు ఆ ఊళ్లో సింగ్ వాళ్లింటి గేటు ముందున్నారు. బడి వదిలాక పిల్లలు పందెం వేసుకుని మరీ ఉరికొచ్చి, ముట్టుకుని, కేకలేస్తూ పారిపోయే గేటు ఇది. ఈ ఇంటి పెద్దకొడుకు సాల్ ఐదేళ్ల కిందట ఆండీ బెల్ అనే అమ్మాయిని చంపి, ఆ తర్వాత తనూ ప్రాణం తీసుకున్నాడని ఊరంతా తీర్మానించేసింది. ఆండీ శవం మాత్రం ఇప్పటికీ దొరకలేదు.

మీ పక్కనున్న పదిహేడేళ్ల పిప్ ఆ తీర్మానాన్ని నమ్మదు. తలుపు తడుతుంది. తీసింది సాల్ తమ్ముడు రవి. 2019లో వచ్చిన ‘ఎ గుడ్ గర్ల్స్ గైడ్ టు మర్డర్’ నవల ఈ గడప మీదే ఊపందుకుంటుంది.

పిప్ గదిలోకి రండి. లాప్‌టాప్‌లో ఇ.పి.క్యు. ఫారం తెరిచి ఉంది. బ్రిటన్‌లో ఇంటర్ వయసు పిల్లలు తమకు నచ్చిన విషయం మీద సొంతంగా చేసే ప్రాజెక్టు అది. ఆ రెండు కుటుంబాల జోలికి వెళ్లొద్దని టీచరు రాతపూర్వకంగానే హెచ్చరించింది. పిప్ ఎవరింటి తలుపు తట్టిందో మీరు చూశారుగా!

ఆమె భుజం మీదుగా చదవండి. రాత్రి 12.15 దాకా సాల్ మాతోనే ఉన్నాడని స్నేహితులు మొదట చెప్పారు. తర్వాత మాట మార్చి, 10.30కే వెళ్లిపోయాడన్నారు. 10.40కి ఆండీ కారు సీసీటీవీలో కనబడింది. సాల్‌ని హంతకుణ్ణి చేసింది ఆ గంటా నలభై ఐదు నిమిషాల తేడాయే. మీరూ వేళ్లు మడిచి లెక్క వేస్తారు. ఈ నవల బలమంతా ఇక్కడుంది. ఇంటర్వ్యూలు మాట పొల్లుపోకుండా కాగితం మీదుంటాయి. ఎవరు తడబడ్డారో, ఎవరు అడగని ప్రశ్నకు జవాబిచ్చారో పట్టుకోవాల్సింది మీరే. అనుమానితుల జాబితా పెరుగుతూ పోతుంది. అందులోకి ప్రాణస్నేహితురాలి అక్క పేరు ఎక్కినప్పుడు పిప్‌కి మనసొప్పదు. మీకూ ఒప్పదు.

ఇంకో రాత్రి. స్నేహితులతో అడవిలో క్యాంపింగ్. పిప్ స్లీపింగ్ బ్యాగులో కాళ్లు పెట్టబోతే లోపల ఒక కాగితం. ఈ కేసు తవ్వడం ఆపమని బెదిరింపు. గుడారంలో ఉన్నది అందరూ తెలిసినవాళ్లే. భయపెట్టడానికి రచయిత్రి నెత్తుటి చుక్క కూడా వాడలేదు. నాకు బాగా నచ్చిన ఘట్టం ఇది.

ఇప్పుడు బెల్ వాళ్లింట్లోకి. దాచిపెట్టిన తాళంచెవితో పిప్, రవి దొంగతనంగా దూరారు. ఆండీ ప్లానర్ పేజీలకు ఫోన్‌తో ఫొటోలు తీసుకుంటున్నారు. మీ గుండె దడదడలాడుతుంది, ఒప్పుకుంటాను. కానీ బిడ్డని పోగొట్టుకున్న ఇల్లు కదా అది! డ్రగ్స్ అమ్మేవాణ్ణి ఫొటోలు చూపించి బెదిరించి మాట రాబట్టడం కూడా పిప్ చురుకుదనం ఖాతాలోనే పడిపోతుంది. ఇలాంటి పనుల బరువు ‘యాజ్ గుడ్ యాజ్ డెడ్’ అనే మూడో భాగంలో గానీ ఆమె మీద గట్టిగా పడదు.

చివరి అధ్యాయాలకు వచ్చేసరికి ఆ ఇంటర్వ్యూ కాగితాల పట్టు సడలిపోతుంది. అసలు దోషం ఎవరిదో ఇక్కడ చెప్పను. దొరికినవాళ్లు మాత్రం ఎదురుగా నిలబడి జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పేస్తారు. అంతసేపూ మీచేత లెక్కలు వేయించిన రచయిత్రి ఆఖర్న జవాబుపత్రం చేతిలో పెట్టేస్తుంది. ఒకే రాత్రిలో ఇన్ని సంగతులు కలిసిరావడమూ మింగుడుపడదు.

నాకున్న పెద్ద ఫిర్యాదు వేరే. ఆండీ అందరూ మెచ్చే అందమైన పిల్లగా మొదలై, పేజీలు తిప్పేకొద్దీ చిక్కులున్న మనిషిగా తేలుతుంది. సాల్‌కి ఆ భాగ్యం లేదు. అతను ఆసాంతం మచ్చలేని మంచివాడే. కాస్త తప్పులున్న కుర్రాడైతే మాత్రం అబద్ధపు నింద అన్యాయం కాకుండా పోతుందా? ఆ భారత సంతతి కుటుంబాన్ని ఊరు వెలేసిన తీరునూ, ఆ నిందకు వాళ్ల ఒంటిరంగు ఎంత తోడైందన్న సంగతినీ పుస్తకం తాకి వదిలేస్తుంది. రవి సరదా మనిషి, పేజీలో ఉన్నంతసేపూ హాయి. వాళ్ల అమ్మానాన్నల దగ్గర మాత్రం రచయిత్రి మనల్ని కాసేపైనా కూర్చోనివ్వదు.

అయినా కొనమనే చెబుతాను. 2024లో వచ్చిన బీబీసీ సిరీస్ చూసేసినా సరే, కాగితాలు తిరగేస్తూ లెక్క కట్టే సరదా పుస్తకంలోనే ఉంది. అమెరికా ముద్రణలో ఊరిని కనెక్టికట్‌కి మార్చేశారు, కాబట్టి బ్రిటన్ ముద్రణ అడిగి తీసుకోండి. డ్రగ్స్, లైంగిక దాడి ప్రస్తావనలున్నాయి. మరీ చిన్నపిల్లల చేతికిచ్చే ముందు మీరొకసారి చదవండి.