నాలుగు పెన్సిల్ సెల్లుల గేమ్ బాయ్

చేతిలో పట్టుకుని ఆడే గేమ్ బాయ్ యంత్రం నెత్తిన ఎడమ వైపు ఒక మీట ఉంటుంది. దాన్ని కుడికి జరిపితే తెర పక్కన చిన్న ఎర్ర దీపం వెలుగుతుంది. పాచి పట్టిన చెరువు నీళ్ల రంగులో ఉండే ఆ తెర మీద దాన్ని తయారుచేసిన సంస్థ నింటెండో పేరు పై నుంచి మెల్లగా దిగుతుంది. మధ్యకు వచ్చి ఆగగానే ‘టింగ్’మని ఒక మోత. ఆ పేరు అలంకారానికి పెట్టింది కాదు. యంత్రం దాన్ని ఆట ఉండే క్యాసెట్‌లోంచి చదివి, తన దగ్గరున్న నకలుతో పోల్చుకుంటుంది. తేడా వస్తే ఆట మొదలు కాదు. క్యాసెట్ సరిగ్గా కూర్చోకపోతే పేరుకు బదులు నల్లటి దిమ్మె దిగుతుంది. అప్పుడు పిల్లలు క్యాసెట్ లాగి, ‘ఉఫ్’మని ఊది, మళ్లీ గుచ్చేవాళ్లు.

ఇంత మామూలు యంత్రం 1989 నుంచి పదిహేనేళ్లపాటు, తనకన్నా బలమైన యంత్రాలన్నిటినీ ఓడించింది. ఎలా ఓడించిందో తెలియాలంటే దాన్ని రూపొందించిన గున్‌పెయ్ యొకోయ్ గురించి తెలియాలి.

నింటెండో 1889లో జపాన్‌లోని క్యోటోలో పేకముక్కలు తయారుచేసే సంస్థగా పుట్టింది. పువ్వుల బొమ్మలుండే హనాఫుదా ముక్కలు దాని సరుకు. ఎలక్ట్రానిక్స్ చదివిన యొకోయ్ 1965లో అక్కడ చేరాడు. ఆ ముక్కలు తయారుచేసే యంత్రాలను చూసుకోవడమే ఆయన ఉద్యోగం. తీరిక వేళల్లో తన సరదాకి ఒక ఆటవస్తువు చేసుకున్నాడు. పిడులు నొక్కితే మడత గేటులా ముందుకు చాచుకుని, ఎదుట ఉన్నదాన్ని పట్టుకునే చెయ్యి అది. అధిపతి హిరోషి యమౌచి కంట అది పడింది. మందలించాల్సిన యజమాని దాన్నే సరుకుగా మార్చమన్నాడు. 1966లో ‘అల్ట్రా హ్యాండ్’ పేరుతో బజారుకు వచ్చి పది లక్షలకు పైగా అమ్ముడుపోయింది. మరమ్మతుల మనిషి అలా బొమ్మల మనిషి అయ్యాడు.

యొకోయ్‌కి ఒక సిద్ధాంతం ఉండేది. జపనీస్‌లో దాని పేరు ‘కరెత గిజుత్సు నో సుయ్‌హెయ్ షికో’. మక్కికి మక్కి అర్థం చెబితే, వాడిపోయిన సాంకేతికతను పక్కదారిలో ఆలోచించడం. మన వాడుకలో చెప్పాలంటే, బాగా నలిగి, లోటుపాట్లన్నీ తెలిసి, చవకపడిన వస్తువును ఎవరూ ఊహించని పనికి వాడటం. బుల్లెట్ రైల్లో ఒక ఉద్యోగి పొద్దుపోక కాలిక్యులేటర్ మీటలు నొక్కుకుంటూ కూర్చోవడం ఆయన చూశాడు. కాలిక్యులేటర్ తెరలు అప్పటికే చవక. ఆ తెరతోనే 1980లో జేబులో పట్టే ‘గేమ్ అండ్ వాచ్’ వచ్చింది. 1982లో వాటిలో ఒకటైన డాంకీ కాంగ్‌కి కూడిక గుర్తు ఆకారంలో మీట పెట్టాడు. బొటనవేలితో నాలుగు దిక్కులూ నొక్కే ఆ మీట తర్వాత దాదాపు ప్రతి గేమ్ యంత్రం మీదకూ చేరింది.

గేమ్ బాయ్ ఆ దారిలో తర్వాతి అడుగు. యొకోయ్ బృందంలో సతోరు ఒకాదా ముఖ్యమైన ఇంజనీరు. ఎనిమిది బిట్ల ప్రాసెసర్, అడ్డంగా 160, నిలువుగా 144 చుక్కల తెర, నాలుగే ఛాయలు. రంగుల్లేవు, తెర వెనక వెలుతురూ లేదు. 1989 ఏప్రిల్ 21న జపాన్‌లో 12,500 యెన్‌లకు అమ్మకానికి పెట్టారు.

అదే ఏడాది అటారీ లింక్స్, మరుసటి ఏడాది సెగా గేమ్ గేర్ దిగాయి. రెండింటికీ రంగుల తెర, రెండింటిలోనూ వెలుతురు. పక్కపక్కన పెడితే గేమ్ బాయ్ వెలవెలబోయేది. అయితే లింక్స్‌కీ, గేమ్ గేర్‌కీ ఆరేసి సెల్లులు కావాలి, అవీ నాలుగైదు గంటలకే చల్లబడేవి. గేమ్ బాయ్‌కి నాలుగు చాలు, పదిహేను గంటలు తేలిగ్గా నడిచేది. సెల్లులు కొనేది పిల్లలు కాదు, తల్లిదండ్రులు. పోటీ సంస్థ తెర రంగులదని తెలిసినప్పుడు యొకోయ్ కంగారుపడలేదు, ఊపిరి పీల్చుకున్నాడు. నల్లబల్ల మీద రెండు సున్నాలు గీసి మంచుబొమ్మ అంటే చూసేవాళ్లకు తెల్లగానే తోస్తుంది, ఆటకు రంగు ప్రాణం కాదు అన్నది ఆయన వాదం. గేమ్ బాయ్ గెలుపుకు ధర, గట్టితనం, అదృష్టం అంటూ ఎన్ని కారణాలు చెప్పినా, మొదట చెప్పాల్సింది ఈ పొదుపునే.

రెండో కారణం మాస్కో నుంచి వచ్చింది. అలెక్సీ పజిత్నోవ్ 1984లో అక్కడ రాసిన టెట్రిస్, పై నుంచి రాలే ముక్కలను సర్దే ఆట. హెంక్ రోజర్స్ అనే వ్యాపారి 1989లో, పిలుపు లేకుండానే మాస్కో వెళ్లి, ఎలోర్గ్ అనే సోవియట్ ప్రభుత్వ సంస్థ తలుపు తట్టి, చేతి యంత్రాలకు హక్కులు సంపాదించాడు. యంత్రంతో పాటు మారియో ఆట ఇస్తే పిల్లలే కొంటారు, టెట్రిస్ ఇస్తే అందరూ కొంటారు అని నింటెండో అమెరికా అధిపతి మినోరు అరకావాను ఒప్పించాడు. అమెరికాలో ప్రతి పెట్టెలోనూ టెట్రిస్ పెట్టారు. గేమ్ బాయ్ మీద అది మూడున్నర కోట్ల ప్రతులు చెల్లింది. 1993లో అలెగ్జాండర్ సెరెబ్రోవ్ అనే వ్యోమగామి దాన్ని మీర్ అంతరిక్ష కేంద్రానికీ తీసుకెళ్లాడు.

తెలుగునాట తొంభైల్లో పెరిగిన చాలామందికి ఆ ఆట మరో రూపంలో తెలుసు. తిరునాళ్లలోనూ ఎగ్జిబిషన్లలోనూ దొరికిన చవక ‘బ్రిక్ గేమ్’ అదే ముక్కలాట. పెట్టె మీద 9999 ఆటలని రాసి ఉండేది. అది నింటెండో సరుకు కాదు గానీ, చూడగానే గేమ్ బాయ్ పోలిక కనబడేది.

1996 నాటికి గేమ్ బాయ్ పని అయిపోయిందనే అనుకున్నారు. అప్పుడొచ్చింది, జీవులను పట్టి పోగుచేసే పోకెమాన్ ఆట. చిన్నప్పుడు పురుగులు పట్టి దాచుకునే అలవాటున్న సతోషి తజిరి, రెండు గేమ్ బాయ్‌లను కలిపే తీగను చూసి, దాని మీద పురుగులు ఇటు నుంచి అటు పాకుతున్నట్టు ఊహించుకున్నాడు. ఆ ఊహ ఆటగా మారడానికి ఆరేళ్లు పట్టింది. 1996 ఫిబ్రవరి 27న ఎరుపు, ఆకుపచ్చ క్యాసెట్లుగా విడుదలైంది. ఒకదానిలో కొన్ని జీవులు దొరకవు, అవి రెండోదానిలో ఉంటాయి. అన్నీ కావాలంటే పక్కింటి పిల్లవాడితో స్నేహం చేయక తప్పదు. ఏళ్లుగా పెద్దగా పనిలేక పడి ఉన్న తీగ ఒక్కసారిగా బంగారమైంది.

తర్వాత తమ్ముళ్లు వరసగా పుట్టారు. 1996లో సన్నటి పాకెట్, 1998లో జపాన్‌కే పరిమితమైన లైట్, అదే ఏడాది కలర్. మొదటి గేమ్ బాయ్, కలర్ కుటుంబం కలిపి 11 కోట్ల 87 లక్షలు అమ్ముడయ్యాయి. 2001లో 32 బిట్ల అడ్వాన్స్ వచ్చింది. దానికీ తెర వెలుతురు లేకపోవడం పెద్ద లోపమే. 2003లో మడిచి జేబులో పెట్టుకునే ఎస్‌పీతో ఆ లోటు తీరింది. ఈ కుటుంబంలో మెచ్చుకోవాల్సిన గుణం ఇంకొకటి ఉంది. 1989లో కొన్న క్యాసెట్ 2003 నాటి ఎస్‌పీలోనూ ఆడుతుంది.

పాకెట్ తర్వాత వచ్చినవేవీ యొకోయ్ చూడలేదు. 1995లో ఆయన తెచ్చిన వర్చువల్ బాయ్ అనే ఆట యంత్రం ఘోరంగా విఫలమైంది. మరుసటి ఏడాది నింటెండో వదిలి సొంత సంస్థ పెట్టుకుని, బాండాయ్ అనే కంపెనీ కోసం వండర్‌స్వాన్ అనే చేతి యంత్రం పని మొదలుపెట్టాడు. 1997 అక్టోబర్ 4న రోడ్డు ప్రమాదంలో చనిపోయాడు. వయసు 56. 1999లో వండర్‌స్వాన్ వచ్చింది. అది ఒకే ఒక్క పెన్సిల్ సెల్లుతో నడిచేది. 2004లో నింటెండో కొత్త చేతి యంత్రం డీఎస్ వచ్చాక గేమ్ బాయ్ పేరు మెల్లగా తెరమరుగైంది. డీఎస్‌కున్న రెండు తెరలు, మడత కూడా యొకోయ్ గేమ్ అండ్ వాచ్‌లో చూపించినవే.

అమెరికా నుంచో గల్ఫ్ నుంచో బంధువులు తెచ్చిన గేమ్ బాయ్ మీ ఇంటి అటక మీద ఉంటే, ఈ ఆదివారం దించి వెనక మూత తీయండి. పాత సెల్లులు అందులోనే ఉంటే కారి, లోహపు పలకలను తినేస్తాయి. ముందు వాటిని తీసేయండి. పోకెమాన్ క్యాసెట్ ఉంటే, ఆడిన ఆటను గుర్తుపెట్టుకునే చిన్న బిళ్ల బ్యాటరీ దాని లోపల టంకం వేసి ఉంటుంది. అది చచ్చిపోయిందంటే దాచుకున్న ఆట పోతుంది. పని తెలిసినవాళ్ల చేత కొత్తది వేయిస్తే క్యాసెట్ మళ్లీ మామూలుగా ఆటను దాచుకుంటుంది.